ఏబీఎస్ లైటు ఆరకపోతే ముందు చక్రం దగ్గర చూడండి

ఏబీఎస్ అంటే బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు. దాన్ని నడిపే పెట్టెనే యూనిట్ అంటారు. మొన్న దాళ్వా కోతలప్పుడు రాజోలు నుంచి ఒకాయన పాత కారు తెచ్చారు. “ఏబీఎస్ లైటు ఆరట్లేదండి. యూనిట్టే పోయింది, మార్చాల్సిందే అన్నారు. కారు రేటులో పావు వంతు దానికే అవుద్దంట” అన్నారు దిగులుగా. చక్రం ఊడదీస్తే ఎడమ ముందు చక్రం వేగం చదివే సెన్సర్ మొనకి ఇనప రజను బొచ్చులా పట్టేసి ఉంది. మొన తుడిచి, సెన్సర్ కూర్చునే చోట తుప్పు గీకి బిగించాను. లైటు ఆరిపోయింది.

నేను చూసిన పాత కార్లలో తప్పు చాలావరకు చక్రం దగ్గరో, వైర్లలోనో దొరికింది. మన నేల అలాంటిది. భీమవరం చుట్టూ రొయ్యల చెరువులు, చేపల లారీల నుంచి రోడ్డంతా కారే నీళ్ళు, అంతర్వేది వైపు ఉప్పుగాలి, నరసాపురం రేవులో పంటు ఎక్కేటప్పుడు తడిసే టైర్లు, వానాకాలం కాలవగట్ల బురద. ఇవన్నీ ముందు చేరేది హబ్బు (చక్రం బిగించే మధ్యభాగం) దగ్గరికే.

లైటు ఎలా వెలుగుతోంది?

కీ తిప్పగానే ఏబీఎస్ లైటు వెలిగి, కొద్ది సెకన్లలో ఆరాలి. ఆరకపోతే సిస్టమ్ తప్పు పసిగట్టి పక్కకు తప్పుకుందన్నమాట. మామూలు బ్రేకు పడుతుంది గానీ, గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుని బండి జారొచ్చు. రోడ్డు మీద ధాన్యం ఆరబోసే రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. దాంతోపాటు ఎర్ర బ్రేకు లైటూ వెలిగితే బండి పక్కకు ఆపండి. హ్యాండ్ బ్రేక్ దించే ఉందా, బ్రేక్ ఆయిల్ గుర్తు వరకు ఉందా చూడండి. రెండూ సరిగ్గా ఉన్నా ఎర్ర లైటు ఆరకపోతే బండి నడపొద్దు. వెనక చక్రాలకు బ్రేకు బలం సర్దే ఏర్పాటు కూడా ఆగిపోయి ఉండొచ్చు.

కీ తిప్పినా లైటు అసలు వెలగడం లేదంటే ఇంకా జాగ్రత్త. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఒక కారుకి మీటరు విప్పితే ఏబీఎస్ బల్బు పీకేసి ఉంది. అది మనిషి ప్రాణంతో చెలగాటం. 2019 ఏప్రిల్‌కి ముందు తయారైన చాలా కార్లలో ఏబీఎస్ పై వేరియంట్లకే వచ్చేది. కాబట్టి కొనే ముందు ఆ బండికి ఏబీఎస్ ఉందో లేదో తెలుసుకుని, ఉంటే లైటు వెలిగి ఆరుతోందో లేదో చూడండి.

పొద్దున్నే వెలిగి, కాసేపటికి ఆరిపోతే

ముందు బ్యాటరీని అనుమానించండి. రాత్రంతా ఆపిన బండికి 12.6 వోల్టుల దగ్గర, ఇంజన్ నడుస్తుంటే సుమారు 14 వోల్టులు ఉండాలి. స్టార్ట్ చేసేటప్పుడు 10 కంటే కిందికి పడిపోతుంటే బ్యాటరీ పని అయిపోవచ్చింది. టెర్మినళ్ళ మీది తెల్లటి పొడి, బాడీకి బిగించిన ఎర్త్ వైరు కూడా శుభ్రం చేయండి.

ఆపబోతుంటే పెడల్ గరగరమంటే

మెల్లగా వచ్చి ఆపుతుంటే, పొడి రోడ్డు మీద కూడా పెడల్ కాలికింద కొట్టుకుంటుంది. లైటు ఒక్కోసారి వెలగనే వెలగదు. చక్రం తిరుగుతున్నా సెన్సర్ సరిగ్గా చదవలేక, చక్రం బిగుసుకుపోతోందని కంప్యూటర్ పొరబడుతోంది.

కారణం సెన్సర్‌కీ, చక్రంతో పాటు తిరిగే పళ్ళ రింగుకీ మధ్య ఖాళీ. అది సుమారు ఒక మిల్లీమీటరు ఉంటుంది. సెన్సర్ కింద తుప్పు పొరలు పొరలుగా ఉబ్బి దాన్ని పైకి లేపుతుంది. బియ్యపు గింజ మందం లేచినా సిగ్నల్ చచ్చిపోతుంది. రింగు కింద తుప్పు ఉబ్బితే రింగే పగులుతుంది. చక్రం చేత్తో తిప్పుతూ టార్చి వేసి, ప్రతి పన్నూ చూడండి. వెంట్రుకంత చీలిక ఉన్నా రింగు మార్చాల్సిందే.

సెన్సర్ ఊడదీయడంలోనే చాలామంది పాడుచేస్తారు. స్క్రూడ్రైవర్ పెట్టి పెకలించకండి, ప్లాస్టిక్ తెగి సగం లోపలే ఉండిపోతుంది. బోల్టు తీసి, తుప్పు వదిలే స్ప్రే కొట్టి, రాత్రంతా నానబెట్టండి. తర్వాత అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ లాగండి. కూర్చునే చోటు ఎమరీ పేపర్‌తో ఇనుము మెరిసేదాకా రుద్ది, మొనకి అంటకుండా పల్చగా సిలికాన్ గ్రీజు రాయండి.

ఇక వోల్టులు, ఓమ్‌లు కొలిచే మల్టీమీటరు. పాత తరం అయస్కాంతపు సెన్సర్ అయితే ఎక్కువ బండ్లలో సుమారు 800 నుంచి 2000 ఓమ్‌ల మధ్య చూపిస్తుంది. ఏసీ వోల్టుల్లో పెట్టి చక్రం వేగంగా తిప్పితే అంకె పెరగాలి. రెండో వైపు సెన్సర్‌తో పోల్చుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది. కొత్త రకానికి బండే కరెంటు ఇస్తుంది. దానికి ఓమ్‌లు కొలవకండి, చెడిపోవచ్చు. వైరు కలిపే కప్లర్‌లో కరెంటు సప్లై వస్తోందో లేదో చూడండి.

స్టీరింగ్ తిప్పినప్పుడో, గతుకుల్లోనో వెలిగితే

వైరు పైతొడుగు బాగానే ఉండి, లోపల రాగి తెగి ఉంటుంది. పాత తరం సెన్సర్ అయితే మల్టీమీటరు ఓమ్‌లలో పెట్టి, వైరును చక్రం నుంచి బాడీ దాకా మెల్లగా వంచుతూ రండి, అంకె ఎక్కడ ఎగిరితే అక్కడే తెగింది. కోతలయ్యాక చేలల్లోంచి వచ్చే ఎలుకల్నీ మరవకండి. కొరికిన చోట చుట్టి టేపు వేస్తే ఒక్క వానకే మళ్ళీ మొదలవుతుంది. టంకం పెట్టి, వేడికి ముడుచుకునే గొట్టం తొడగండి.

బేరింగు మార్చిన వెంటనే వెలిగితే మాత్రం మెకానిక్ దగ్గరికే వెళ్ళండి. కొన్ని బేరింగుల్లో ఒక ముఖం అయస్కాంతం. తిరగేసి కొడితే సెన్సర్‌కి ఏమీ కనబడదు.

స్కానర్ (బండి కంప్యూటర్ రాసుకున్న తప్పుల కోడ్లు చదివే పరికరం) పెట్టించేటప్పుడు అది ఏబీఎస్ కోడ్లు చదువుతుందా అని అడగండి. చౌక పరికరాలు చాలావరకు ఇంజన్ కోడ్లతోనే ఆగిపోతాయి. ఏ చక్రమో కోడ్ చెబుతుంది. అంతమాత్రాన సెన్సర్ చెడిందని కాదు, ఆ దారిలో తప్పుందని. యూనిట్ జోలికి వెళ్ళేది దాని పెద్ద ఫ్యూజు, రిలే, ఎర్త్ చూశాకే. బ్రేక్ ఆయిల్ రెండేళ్ళకోసారి మార్చండి. అది గాలిలో తేమ పీల్చుకుని యూనిట్‌ని లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది.

పని అయ్యాక కోడ్ చెరిపి, కొంత దూరం నడపండి. చాలా బండ్లలో చక్రాల సిగ్నళ్ళన్నీ సరిచూసుకున్నాకే లైటు ఆరుతుంది. ఆ తర్వాత వెనకా ముందూ ఎవరూ లేని మట్టిరోడ్డు మీద, ముప్ఫై కిలోమీటర్ల వేగంలో ఒక్కసారి బ్రేకు గట్టిగా తొక్కండి. పెడల్ కాలికింద కొట్టుకుంటూ బండి తిన్నగా ఆగాలి. ఈ పరీక్ష కాలవగట్టు మీద మాత్రం చేయకండి.