ఇంటి లెక్కలు – 6: లీటరుకా, కిలోకా, నెలకా?

ఈ పాఠం వాయిదాల గురించి. అయితే అయిదో పాఠం అభ్యాసంలో వచ్చిన జవాబులు చూశాక, ముందు నూనె సంగతి తేల్చకుండా అప్పుల జోలికి పోవడం మంచిది కాదనిపించింది. ప్యాకెట్ ధరను బరువుతో భాగించి కిలోకి ఎంత పడుతుందో చూడటం అప్పటి పని. పప్పులు, బియ్యం, చక్కెర దగ్గర అందరికీ సరిగ్గా వచ్చింది. నూనె దగ్గర చాలామంది తడబడ్డారు. భాగహారం బాగానే చేశారు, భాగించిన అంకె తప్పింది.

నూనె నీళ్ల కంటే తేలిక. లీటరు సన్‌ఫ్లవర్ నూనెను తూకం వేస్తే సుమారు 910 గ్రాములు వస్తుంది. పల్లీనూనె, రైస్‌బ్రాన్ కూడా దాదాపు అంతే. ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో ‘1 లీటరు (910 గ్రా.)’ అని ఉంటుంది. దాని పక్కనే అంతే పొడవు, అంతే వెడల్పున్న ఇంకో ప్యాకెట్ మీద 850 గ్రాములని ఉండొచ్చు. మొదటిది 150 రూపాయలు, రెండోది 144 అనుకుందాం. (ఈ పాఠంలో ధరలన్నీ లెక్క కోసం వేసుకున్నవే, మీ ఊరి ధర మీరు వేసుకోండి.) రెండోది తీసుకుంటే ఆరు రూపాయలు మిగిలినట్టే కనిపిస్తుంది. 150ని 0.910తో భాగించండి, కిలో 164 రూపాయల 84 పైసలు. 144ని 0.850తో భాగించండి, కిలో 169 రూపాయల 41 పైసలు. చవక ప్యాకెట్టే కిలోకి నాలుగున్నర రూపాయలు ఎక్కువ లాగుతోంది.

డబ్బాల దగ్గర ఇది ఇంకా పెద్ద దెబ్బ. 15 లీటర్ల డబ్బా, 15 కిలోల డబ్బా రెండూ బజారులో ఉంటాయి. రెండిటి మీదా 15 అనే పెద్ద అంకె. లీటర్ల డబ్బా 2,340, కిలోల డబ్బా 2,520 అయితే, రెండిటినీ 15తో భాగించి, 156 ఎక్కడ, 168 ఎక్కడ అని మొదటిదే తెచ్చుకుంటారు. కానీ 15 లీటర్లంటే 13 కిలోల 650 గ్రాములే. 2,340ని 13.65తో భాగిస్తే కిలో 171 దాటుతుంది. 168 రూపాయల డబ్బాయే చవక.

ప్రతిసారీ 0.91తో భాగించే ఓపిక నాకు ఉండదు, మీకూ అక్కర్లేదు. లీటరు ధరకు అందులో పదో వంతు కలిపితే కిలో ధర వచ్చేస్తుంది. 150కి 15 కలిపితే 165. అంగడి ముందు నిలబడి చేయడానికి ఈ మాత్రం చాలు. నూనెను ఎప్పుడూ కిలోల్లోకి మార్చి పోల్చమనే నా సలహా. లీటర్లలోకి మార్చినా తప్పేం లేదు, ఏదో ఒకదానికి కట్టుబడి ఉండండి.

ఐస్‌క్రీమ్‌ది ఇదే జబ్బు, కాస్త ముదిరింది. అందులో గాలి కొట్టి మి.లీ. లెక్కన అమ్ముతారు. డబ్బా మీద గ్రాములు కూడా వేసి ఉంటే వాటితోనే భాగించండి. ఇంకొక్క మాట: చాలా ప్యాకెట్ల మీద గ్రాముకు ఇంత, మి.లీ.కి ఇంత అని కంపెనీయే ముద్రిస్తోంది. అది ఎమ్మార్పీ మీద వేసిన లెక్క. మీరు తగ్గింపు ధరకు కొంటుంటే ఆ అంకె మీకు పనికిరాదు.

ఇక రెండో తడబాటు. కిలోకి చవకని అయిదు కిలోల కందిపప్పు సంచి కొని, రెండో నెలకే పురుగు పట్టిందన్నవాళ్లున్నారు. భాగించాల్సింది కొన్న బరువుతో కాదు, వండుకు తిన్న బరువుతో. విడి కిలో 160, అయిదు కిలోల సంచి 750 అనుకోండి. 750ని 160తో భాగిస్తే 4.69. అంటే ఆ సంచిలో నాలుగు కిలోల 690 గ్రాములకు తగ్గకుండా వండుకుంటేనే లాభం. మూడు వందల గ్రాముల పైన పురుగుల పాలైతే విడిగా కొన్నదే నయం. పెద్ద సంచి ధరను చిన్న ప్యాకెట్ కిలో ధరతో భాగించడం, ఎంత వాడాలో చూడటం, అంత వాడతామా అని ఇంట్లో వంట చేసేవాళ్లని అడగటం. ఈ మూడో పని మానేసి సంచి ఇంటికి మోసుకురావద్దు. నా మట్టుకు వానాకాలంలో పప్పు, రవ్వ, గోధుమపిండి రెండు కిలోలకు మించి కొనమని ఎవరికీ చెప్పను.

ఫోన్‌లో సరుకులు తెప్పించేవాళ్లు డెలివరీ, హ్యాండ్లింగ్ చార్జీలు కూడా కలిపాకే భాగించాలి. పాతిక రూపాయల డెలివరీ తప్పించుకోవడానికి నలభై అయిదు రూపాయల చిప్స్ బుట్టలో వేస్తే ఇరవై రూపాయలు పోయినట్టే, ఆ చిప్స్ ఎలాగూ కొనేవి కాకపోతే. దీని గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

ఇప్పుడు వాయిదాలు. సరుకు ధరకు కిలో ఎలాగో, అప్పు ధరకు ‘నూటికి నెలకు’ అలాగ. మనవాళ్లకు ఈ కొలత కొత్తేం కాదు. రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు రూపాయలని, ఏడాదికి బారువడ్డీ లెక్కన 24 శాతమని పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. అదే మనిషి ఫోన్ కొనేటప్పుడు ‘నెలకు నాలుగు వేలేగా’ అంటాడు. నాలుగు వేలన్నది మీ జేబు లెక్క, అప్పు ఖరీదు అందులో ఉండదు.

నన్ను బాగా చికాకు పెట్టేది ‘నో కాస్ట్ ఈఎంఐ’, అంటే వడ్డీ లేదని చెప్పి ఇచ్చే నెలవాయిదా. దీన్ని విప్పి చూపిస్తాను, కాస్త ఓపిక పట్టండి.

ఫోన్ 24,000. ఆరు వాయిదాలు, నెలకు 4,000. ఆరు నాలుగులు ఇరవై నాలుగు, వడ్డీ లేదు కదా అంటారు. బ్యాంకు మాత్రం వడ్డీ మానుకోదు. ఏడాదికి 15 శాతం వేసుకుందనుకుంటే, నెలకు 4,000 చొప్పున ఆరు నెలల్లో తీరే అప్పు 22,984 రూపాయలు. అమ్మినవాళ్లు మిగతా 1,016 రూపాయలను బిల్లులో డిస్కౌంట్‌గా చూపిస్తారు. ఆ 1,016ని బ్యాంకు మీ దగ్గర వడ్డీగా తీసుకుంటుంది. ఇంతవరకు చెల్లుకు చెల్లు.

ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. దాన్ని ఎవరూ డిస్కౌంట్‌గా ఇవ్వరు. కార్డు స్టేట్‌మెంట్ తీసి చూడండి. మొదటి నెల వాయిదా 4,000లో వడ్డీ 287, దాని కింద వేరే వరుసలో జీఎస్టీ 52. ఆరో నెలకు వడ్డీ 49, జీఎస్టీ 9. మొత్తం ఆరు నెలలకు జీఎస్టీ 183 రూపాయలు. ప్రాసెసింగ్ ఫీజు 199 అనుకుంటే, దాని మీదా జీఎస్టీ కలిసి 235. ఖర్చు లేదన్న అప్పుకు 418 రూపాయల ఖర్చు తేలింది.

418తో పోతే పెద్ద నష్టం కాదు. అసలు ప్రశ్న వేరే ఉంది: ఒకేసారి డబ్బు కడితే ఇదే ఫోన్ ఎంతకిస్తారు? 23,000కి ఇస్తామంటే, మీరు వాయిదాల కోసం వదులుకున్న వెయ్యి కూడా అప్పు ఖర్చే. ఈ ఒక్క ప్రశ్న అడగకుండా నో కాస్ట్ ఈఎంఐ మంచిదో చెడ్డదో ఎవరూ చెప్పలేరు. దుకాణంలో అడగండి, ఇంకో దుకాణంలో అడగండి, ఆన్‌లైన్‌లో కార్డు ఆఫర్లు తీసేసి వాయిదాలు లేని ధర చూడండి. మూడింట్లో తక్కువదే నగదు ధర.

ఇప్పుడు నూటికి ఎంత పడిందో చూద్దాం. నగదు ధర 23,000. ఖర్చు వెయ్యి, 418 కలిపి 1,418. ఇక్కడ తొందరపడి 1,418ని 23,000తో భాగించకండి. ఆరు నెలలూ 23,000 మీ చేతిలో లేదు, నెలనెలా తీరుస్తూ వచ్చారు. సగటున ఉన్న బాకీ కావాలి. దానికి నా అడ్డదారి ఇది: అప్పును వాయిదాల సంఖ్య కంటే ఒకటి ఎక్కువతో గుణించి, వాయిదాల సంఖ్యకు రెట్టింపుతో భాగించడం. 23,000 ఇంటూ 7, బై 12. సగటు బాకీ 13,417. ఖర్చు నెలకు 236. 236ని 13,417తో భాగించి నూరుతో గుణిస్తే 1.76. అంటే నూటికి రూపాయి డెబ్బై అయిదు పైసల వడ్డీ, ఏడాదికి 21 శాతం.

ఇప్పుడు అదే ఫోన్ నగదుకైనా 24,000కే ఇస్తామన్నారనుకోండి. ఖర్చు 418 మాత్రమే. సగటు బాకీ 14,000. నూటికి అర్ధరూపాయి వడ్డీ. కొనాలని ముందే అనుకున్న వస్తువైతే హాయిగా తీసుకోవచ్చు. ఒకే ప్రకటన, ఒకే వాయిదా. నగదు ధర మారేసరికి ఒకచోట అర్ధరూపాయి, ఇంకోచోట రూపాయి ముప్పావలా. అందుకే నో కాస్ట్ ఈఎంఐ వద్దనీ అనను, మంచిదనీ అనను.

కార్డుల మీద సున్నా వడ్డీ వాయిదాల్లో వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాచిపెడుతున్నారని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులను తప్పుపట్టింది. ఆ తర్వాత వడ్డీ విడిగా చూపించడం మొదలైంది, డిస్కౌంట్ ముసుగు మాత్రం మిగిలింది. ఇంకో రెండు విషయాలు గుర్తుంచుకోండి. మొత్తం 24,000 దాకా మీ కార్డు లిమిట్ ఆగిపోయి, వాయిదా కట్టేకొద్దీ విడుదలవుతుంది. వస్తువు తిరిగి ఇచ్చేస్తే ప్రాసెసింగ్ ఫీజు మామూలుగా వెనక్కి రాదు. ఇక వాయిదా కట్టలేక ‘మినిమమ్ డ్యూ’తో, అంటే బిల్లులో అడిగిన కనీస మొత్తంతో సరిపెడితే, చాలా కార్డుల్లో మిగిలిన బాకీ మీద నెలకు మూడున్నర రూపాయల వడ్డీ దాకా నడుస్తుంది. ఊళ్లో ఆ వడ్డీ అడిగినవాడి గడప తొక్కరు.

ఫైనాన్స్ కంపెనీ బండి అప్పు దగ్గర ‘ఫ్లాట్’ (నెలనెలా తీరుస్తున్నా మొదటి అప్పంతటి మీదే చివరిదాకా వడ్డీ వేయడం) అనే మాట వినిపిస్తే వెంటనే సగటు బాకీ లెక్క వేయండి. 80,000 అప్పు, రెండేళ్లు, ఫ్లాట్ పది శాతం. వడ్డీ 16,000. నెలకు 4,000 చొప్పున 24 వాయిదాలు. సగటు బాకీ 80,000 ఇంటూ 25 బై 48, అంటే 41,667. నెలకు 667 వడ్డీ. నూటికి రూపాయి అరవై పైసలు, ఏడాదికి 19 శాతం. వాయిదాలు పెరిగేకొద్దీ నా అడ్డదారి కాస్త ఎక్కువ చూపిస్తుంది. కచ్చితంగా వేస్తే 18 శాతం చిల్లర. పది శాతం అప్పు అనుకుని సంతకం పెట్టేది దీని మీదే. డాక్యుమెంటేషన్ చార్జీలు, అడగకుండా తగిలించిన బీమా కలిపి 5,000 ముందే పట్టుకుని 75,000 చేతికిచ్చారనుకోండి, అదే వాయిదా మీద కచ్చితమైన లెక్కే రెండు రూపాయలు దాటుతుంది.

2024 అక్టోబర్ 1 నుంచి ఇలాంటి కొత్త అప్పులన్నిటికీ బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ అనే కాగితం ఇవ్వాలి. అందులో ‘ఏపీఆర్’ అనే గడి ఉంటుంది. వడ్డీ, ఫీజులు, బీమా అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతమో అక్కడ వేస్తారు. కాగితం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, కాబట్టి తెలుగులో ఇమ్మని అడగండి. సంతకాలన్నిటికంటే ముందు ఆ గడి చూడండి, పన్నెండుతో భాగించండి, ఎన్ని రూపాయల వడ్డీయో తెలుస్తుంది. క్రెడిట్ కార్డు బాకీలకు మాత్రం ఈ నియమం వర్తించదు. పైన అంత వివరంగా కార్డు లెక్క చెప్పింది అందుకే, అక్కడ మీకోసం ఆ గడి నింపేవాళ్లు ఉండరు.

అభ్యాసం. ఈసారి కాస్త కష్టమే. ఇంట్లో నడుస్తున్న ప్రతి వాయిదా ఒక కాగితం మీద రాయండి: ఫోను, ఫ్రిజ్, బండి, పిల్లల ట్యూషన్ యాప్, అన్నీ. ఒక్కోదానికి ఆ రోజు నగదు ధర ఎంత ఉండిందో కనుక్కోండి. పాత బిల్లు, దుకాణం, తెలిసినవాళ్లు కొన్న ధర, ఏదైనా సరే. కట్టిన వాయిదాలు, కట్టబోయే వాయిదాలు, జీఎస్టీ, ఫీజులు కలిపి మొత్తం వేసి, నగదు ధర తీసేసి, సగటు బాకీతో నూటికి నెలకు ఎంతో తేల్చండి. డౌన్ పేమెంట్ కట్టి ఉంటే దాన్ని నగదు ధరలోంచి ముందే తీసేయాలి, లేకపోతే వడ్డీ తక్కువగా కనిపిస్తుంది. తర్వాత కాగితాన్ని పెద్ద వడ్డీ నుంచి చిన్న వడ్డీకి వరసగా తిరగరాయండి. చేతిలో అదనంగా డబ్బు పడితే పైన ఉన్నదాన్ని ముందు తీర్చాలి. అయితే ముందే తీర్చినందుకు ఎంత చార్జీ వేస్తారో ఫోన్ చేసి కనుక్కుని దాని పక్కనే రాయండి. మిగిలిన వడ్డీ కంటే ఆ చార్జీ ఎక్కువైతే ఆ అప్పును కదపకండి.

చీటీ కడుతున్నవాళ్లు పాస్‌బుక్ తీసి, ఇప్పటిదాకా ఏ నెల పాట ఎంతకు పోయిందో వరసగా రాసి పెట్టుకోండి. ఏడో పాఠానికి ఆ అంకెలు కావాలి.