నాయన ఫోన్‌లో ఎన్నికల చెత్త ఇలా తీశాను

కందుకూరును 2022లో ప్రకాశం నుంచి తీసి నెల్లూరు జిల్లాలో కలిపారు. దాంతో 2024 ఎన్నికలప్పుడు మా నాయన్ని రెండు జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లోనూ వేశారు, అన్ని పార్టీల వాళ్లూ. పాసుపుస్తకం ఫోటో తీయబోతే స్టోరేజ్ నిండిందని ఫోన్ మొరాయించింది. "కొత్తది కొనియ్యరా అబ్బయ్యా" అన్నాడు. ఆ అవసరమేం లేదు.

వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'స్టోరేజ్ అండ్ డేటా', అందులో 'మేనేజ్ స్టోరేజ్' తెరిచాను. ఏ గ్రూపు ఎంత మేస్తోందో పెద్దవి పైన, చిన్నవి కింద చూపిస్తుంది. 5 ఎంబీ దాటిన ఫైళ్లు విడిగా ఉంటాయి. అన్నీ సభల వీడియోలే, ఒకటే వీడియో నాలుగు గ్రూపుల్లో! మనవరాలివి వదిలేసి మిగతావి డిలీట్ కొట్టాను. 'మీడియా ఆటో డౌన్‌లోడ్' కింద మొబైల్ డేటా, వైఫై, రోమింగ్ మూడింటికీ టిక్కులు తీసేశాను.

ఇక కొత్త గ్రూపుల సంగతి. ప్రైవసీలో 'గ్రూప్స్'కి 'మై కాంటాక్ట్స్' పెడితే తెలియని వాళ్లు నేరుగా చేర్చలేరు. కానీ మా వీధి నాయకుడు నాయన కాంటాక్ట్స్‌లోనే ఉన్నాడే! అందుకని 'మై కాంటాక్ట్స్ ఎక్సెప్ట్' ఎంచి ఆయనకు టిక్ పెట్టాను.

పాత గ్రూపుల్లోంచి బయటికి రావచ్చు, నోటిఫికేషన్ అడ్మిన్‌కి మాత్రమే వెళ్తుంది. ఆ అడ్మినే "ఏం పెద్దాయనా, అటు తిరిగావా?" అని టీ కొట్టు దగ్గర నిలదీస్తాడు. మ్యూట్ చేసి ఆర్కైవ్‌లోకి నెట్టాను.

అభ్యర్థుల రికార్డు కాల్స్‌కి నాయనే మందు కనిపెట్టాడు. ఎత్తి, ఫోన్ చొక్కా జేబులో వేసుకుంటాడు.