హైదరాబాద్ నుంచి స్పీతికి: లోయకు భారం కాని యాత్రను ఏర్పాటు చేసుకోవడం

హైదరాబాద్ నుంచి హిమాచల్ ప్రదేశ్‌లోని స్పీతి లోయకు బృందాన్ని తీసుకువెళ్లదలచినవారు ముందుగా నీటి గురించి ఆలోచించాలి. వర్షం చాలా తక్కువగా కురిసే ఆ శీతల ఎడారిలో చేలకూ ఇళ్లకూ మంచు కరిగి వచ్చే నీరే ప్రధాన ఆధారం. అందువల్ల బృందం పన్నెండు మందికి మించకుండా చూసుకుని, పెద్ద హోటలుకు బదులు గ్రామస్థుల ఇళ్లలో బస కుదుర్చుకుని, డబ్బు నేరుగా ఆ ఇంటివారికే చేరేలా ముందే మాట్లాడుకోవడం మంచిది.

అక్కడి పాత ఇళ్లలో నీళ్లు పోయని మరుగుదొడ్డి ఉంటుంది. మేడ మీది గదిలో నేలకున్న రంధ్రం గుండా మలం కింది గదిలోకి పడుతుంది. దానిపై మట్టి, బూడిద చల్లుతారు. కాలక్రమంలో అది ఎరువై పొలానికి చేరుతుంది. అందులో ప్లాస్టిక్ వేస్తే ఒక కుటుంబం ఏడాది ఎరువు పాడవుతుందని బయలుదేరకముందే అందరికీ వివరించాలి. చెప్పడానికి మొహమాటంగా ఉన్నా, ఈ మాట దాటవేయకూడదు.

సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న మన నగరం నుంచి 3,600 మీటర్లు దాటిన, స్పీతిలోని ముఖ్య పట్టణమైన కాజాకు ఒక్కసారిగా వెళ్తే తలనొప్పి, వాంతులు రావచ్చు. సిమ్లా, కిన్నౌర్ మీదుగా నాలుగైదు రోజుల్లో నెమ్మదిగా ఎక్కితే ఒంటికి అలవాటవుతుంది, దారిలోని ఊళ్లకూ నాలుగు డబ్బులు అందుతాయి.

ఒక్కొక్కరికి రెండు స్టీలు సీసాలు చాలు. చెగోడీలు, పచ్చళ్లు డబ్బాల్లో సర్దుకోండి. ఖాళీ కవర్లేమైనా మిగిలితే వాటిని తిరిగి హైదరాబాద్‌కే తెచ్చుకోవాలి.