అండం విడుదలకు మాత్రలు వాడే స్త్రీలు పాటించవలసిన జాగ్రత్తలు

పీసీఓఎస్ (అండాశయాల పనితీరును దెబ్బతీసే హార్మోన్ల సమస్య) వల్ల నెలసరి క్రమం తప్పి, అండం సరిగా విడుదల కాని స్త్రీలకు వైద్యులు ఇప్పుడు సాధారణంగా మొదట రాసే మందు లెట్రోజోల్. అంతకుముందు చాలా ఏళ్లపాటు ఆ స్థానంలో క్లోమిఫీన్ ఉండేది. ఏ మాత్ర మొదలుపెట్టాలన్నా ముందుగా గర్భం లేదని నిర్ధారించుకోవాలి, భర్తకు వీర్య పరీక్ష చేయించాలి. మన ఇళ్లలో ఈ రెండో పరీక్షను నెలల తరబడి వాయిదా వేసి, భార్య చేత మాత్రం మందులు మింగించడం అన్యాయం.

నెలసరి వచ్చిన రోజును ఒకటిగా లెక్కపెట్టి, రెండు నుంచి ఐదో రోజు మధ్య డాక్టరు చెప్పిన రోజున మొదలుపెట్టి, వరుసగా ఐదు రోజులు ఒకే వేళకు మాత్ర వేసుకోవాలి. సాధారణంగా లెట్రోజోల్ 2.5 మిల్లీగ్రాములతోను, క్లోమిఫీన్ 50 మిల్లీగ్రాములతోను ఆరంభిస్తారు. పాత చీటీ చూపించి మందుల షాపులో మళ్లీ కొనుక్కోవడం, మోతాదు సొంతంగా పెంచుకోవడం ఎంతమాత్రం తగదు. ఆ తర్వాత చేసే ఫాలిక్యులర్ స్కాన్‌ను ఖర్చుకు జంకి మానుకోకూడదు. అండాన్ని మోసే ఫాలికల్ 18 నుంచి 20 మిల్లీమీటర్లకు పెరిగిందా, ఒకటే పెరిగిందా, నాలుగైదు పెరిగాయా అన్నది తెలిసేది దానితోనే. ఎక్కువ పెరిగితే ఆ నెల ప్రయత్నం మానుకోమని డాక్టరు చెప్పవచ్చు. క్లోమిఫీన్‌తో వచ్చిన ప్రతి 100 గర్భాలలో సుమారు ఏడెనిమిదింటిలో కవలలు ఉంటారు. లెట్రోజోల్‌తో ఆ అవకాశం అంతకన్నా తక్కువ.

ఒంట్లో వేడి ఆవిర్లు, తలనొప్పి, నీరసం, కడుపు ఉబ్బరం, కారణం లేని చిరాకు ఈ మందులతో రావచ్చు. ఇవి చాలామందికి మందు ఆపాక తగ్గిపోతాయి. క్లోమిఫీన్ వాడుతుండగా చూపు మసకబారినా, కళ్ల ముందు మెరుపులు కనిపించినా తర్వాతి మాత్ర వేసుకోకుండా డాక్టరుకు చెప్పాలి.

లెట్రోజోల్ అసలు రొమ్ము క్యాన్సర్ మందు కావడంతో, ప్యాకెట్‌లోని కాగితం చదివి భయపడేవారు ఎందరో. 2011లో సంతానలేమి చికిత్సకు దీన్ని వాడరాదని మన ప్రభుత్వం నిషేధించి, 2017లో ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. బిడ్డలో అవయవ లోపాలు క్లోమిఫీన్‌తో కన్నా దీనితో ఎక్కువగా కనబడలేదని అధ్యయనాలు చెబుతున్నాయి.

అన్నిటికన్నా జాగ్రత్తగా గమనించవలసింది అండాశయాలు అతిగా స్పందించి, కడుపులోకి నీరు చేరే పరిస్థితి. మాత్రలతో ఇది అరుదు, అండాశయాలను నేరుగా ప్రేరేపించే గొనడోట్రోపిన్ అనే హార్మోన్ ఇంజెక్షన్లతో ఎక్కువ. పీసీఓఎస్ ఉన్నవారికి ముప్పు ఇంకా ఎక్కువ. ఫాలికల్ పెరిగాక అండం విడుదల కోసం ఇచ్చే ఇంజెక్షన్ తీసుకున్నాక వచ్చే రెండు వారాలూ ప్రతి ఉదయం బరువు చూసుకోవాలి. ఒక్క రోజులో కిలోకు మించి బరువు పెరిగినా, కడుపు బిగుసుకుపోయినా, మూత్రం తగ్గినా, వాంతులు ఆగకపోయినా, ఆయాసం వచ్చినా, పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి పుట్టినా, అర్ధరాత్రి అయినా సరే, వాడిన మందుల చీటీ వెంట పెట్టుకుని ఆస్పత్రికి వెళ్లాలి.