విశాఖలో వకీలు ఎమ్మెల్యే నామినేషన్ వేయాలంటే

ప్రభుత్వ ప్లీడరుగా ఉంటే ముందు రాజీనామా చేసి, అది ఆమోదం పొందేదాకా ఆగండి. ఓటు భీమిలిలో ఉండి విశాఖ తూర్పులో పోటీ చేస్తుంటే ఓటర్ల జాబితా ధ్రువీకృత నకలు జతచేయాలి. నామినేషన్ పత్రం ఫారం 2బి, డిపాజిట్ 10,000 రూపాయలు (ఎస్సీ, ఎస్టీలకు 5,000). గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక ప్రతిపాదకుడు చాలు, స్వతంత్రుడికి పదిమంది కావాలి.

చిక్కంతా ఫారం 26 అఫిడవిట్‌తోనే (కేసులు, ఆస్తులు, అప్పులు వెల్లడించే ప్రమాణపత్రం). రోజూ ఇతరుల అఫిడవిట్లు రాసే వకీళ్లే ఇక్కడ గళ్లు ఖాళీగా వదిలేస్తారు! అధికారి గుర్తుచేసినా నింపకపోతే నామినేషన్ తిరస్కరిస్తారు. అందుకే 'లేదు', 'వర్తించదు' అని రాయండి. నామినేషన్ వేశాకే అభ్యర్థిగా రాజ్యాంగ విధేయత ప్రమాణం చేయాలి, అదీ నామినేషన్ల పరిశీలన రోజుకు ముందే.

గెలిచాక గౌను విప్పనక్కర్లేదు. ఎమ్మెల్యేలు ప్రాక్టీసు చేయవచ్చని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది.