మంచం పట్టిన మనిషికి పెన్షన్: సదరం నుంచి ఒకటో తారీఖు దాకా

రోడ్డు ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతిని మా తమ్ముడికి నడుం కింద స్పర్శ పోయింది. మాది గుంటూరు బ్రాడీపేట. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే ఎన్టీఆర్ భరోసా పెన్షన్‌కి సంబంధించి వాడి పనులన్నీ నేనే చూస్తాను.

దివ్యాంగుల పెన్షన్ అందరికీ ఒకటే కాదు. 2024 జులై నుంచి, 40 శాతం ఆపైన వైకల్యం ఉంటే నెలకు 6,000. పక్షవాతం, ప్రమాదం, తీవ్రమైన కండరాల క్షీణతలాంటి వాటితో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైపోతే 15,000. పగలు తోడుగా ఒక మనిషిని పెట్టుకోగలమా లేదా అన్నది ఆ తేడాలోనే ఉంది.

అసలు పనంతా సదరం పరీక్ష దగ్గరే, అంటే వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వ డాక్టర్లు చూసి సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష. మీసేవలోగానీ వార్డు సచివాలయంలోగానీ స్లాట్ బుక్ చేయించుకోవాలి. డిశ్చార్జి కాగితాలు, స్కానింగ్ రిపోర్టులు తేదీల వరుసలో పెట్టుకుని వెళ్లండి. డాక్టరు ముందు మనవాళ్లకో అలవాటు ఉంది. "ఎలా ఉన్నాడమ్మా?" అనగానే మర్యాదకి "పర్లేదండీ, కూర్చుంటాడు" అనేస్తారు. ఎవరు కూర్చోబెడితే కూర్చుంటాడో చెప్పరు! పక్కమీద తనంతట తాను ఒత్తిగిలగలడా, మూత్రం ట్యూబు ఎవరు మారుస్తారు, పుండ్లు పడ్డాయా, రాత్రి ఎన్నిసార్లు లేవాల్సి వస్తోంది, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. ఉన్నదానికి మించి ఒక్క ముక్క కూడా వద్దు. 2025 జనవరిలో 15,000 తీసుకునేవాళ్ల ఇళ్లకే వైద్య బృందాలు వచ్చి మళ్లీ చూశాయి. అందుకే పాత రిపోర్టులు పారేయకండి.

సర్టిఫికెట్ వచ్చాక ఆధార్, రైస్ కార్డుతో కలిపి వార్డు సచివాలయంలో ఇస్తే, సంక్షేమ కార్యదర్శి దరఖాస్తు ఎక్కిస్తారు. ఇక్కడ చూసేది మనిషిని కాదు, ఇంటిని. ఆదాయం, భూమి, కారు, కరెంటు వాడకం, ప్రభుత్వ ఉద్యోగం, అన్నీ ఆధార్‌తో తేలతాయి. మాకు తెలిసినవాళ్ల దరఖాస్తు ఎప్పుడో అమ్మేసిన కారు దగ్గర ఆగిపోయింది, బండి ఇంకా వాళ్ల పేరు మీదే ఉందట. ముందే ఇలాంటివి సరిచేసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. పని ముందుకు కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి, రసీదు అడిగి తీసుకోండి. నోటిమాటగా చెప్పి వచ్చేస్తే లాభం లేదు.

మంజూరయ్యాక డబ్బు ఒకటో తారీఖున ఇంటికే వస్తుంది. ఆ రోజు ఆదివారమైతే ముందురోజే ఇస్తారు. సచివాలయం వాళ్లు పొద్దున్నే వస్తారు కాబట్టి వేలిముద్ర సరిగా పడేలా చేతులు కడిగి తుడిచి ఉంచుతాను. ఆస్పత్రిలో ఉండి ఒకటి రెండు నెలలు తీసుకోలేకపోయినా కంగారు పడొద్దు, తర్వాత కలిపి ఇస్తారు. వరుసగా మూడో నెల కూడా తప్పిపోనివ్వకండి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో సంరక్షకులకు భత్యం అన్న మాట ఉంది. మా ఇంటికి వచ్చేది మాత్రం ఈ పెన్షనొక్కటే. అందులోంచి ముందు తీసి పక్కన పెట్టేది తమ్ముడిని చూసుకునే అబ్బాయి జీతం. డైపర్లు, ట్యూబులు, మందులు ఆ తర్వాత. ఆ అబ్బాయి పండక్కి ఊరెళ్తే ఎవరు వస్తారో కూడా ముందే మాట్లాడి పెట్టుకోండి, సంక్రాంతికి ఎంత డబ్బిస్తామన్నా మనుషులు దొరకరు.