గుట్టల కాడ బొమ్మ చెడితే: మోదుగు పూసే రోజుల్లో వాటర్‌కలర్ తిప్పలు, వాటికి మందు

మోదుగు పూసిందంటే వరంగల్ చుట్టుపక్కల వాటర్‌కలర్ వేసేవాళ్లకు ఇంట్లో కాలు నిలవదు. ఇనుపరాతి గుట్టలకో, పాకాలకో, పరకాల మీదుగా రేగొండ వైపు పాండవుల గుట్టలకో బయల్దేరుతాం. తిరిగొచ్చాక సగం కాగితాలు బీరువా అడుక్కి పోతాయి. నాకు చేయి తిరగట్లేదు అనుకొని అక్కడితో మానేసినవాళ్లను చూశాను, అది నాకు బాధ. చాలాసార్లు తప్పు చేతిది కాదు. ఎండది, పొడిగాలిది, కూర్చున్న చోటుది. ఏది చెడితే కారణం ఎక్కడ వెతకాలో రాస్తున్నా.

ఆకాశం చారలు చారలుగా ఆరిపోతోంది

ఫాల్గుణం చివర పొద్దున 10 దాటితే గాలిలో తేమ మిగలదు. పైగా మనం కూర్చునేది బండ మీద, కింది నుంచీ సెగే. బ్రష్ కాగితం ఆ కొసకు చేరేలోపు ఈ కొస ఆరిపోతుంది. సగం ఆరిన అంచుకు కొత్త తడి తగిలితే గీత పడుతుంది, నీళ్లు ఎక్కువైతే గోబీపువ్వులా మరక విచ్చుకుంటుంది.

300 జీఎస్ఎం (అంటే మందపాటి) కాటన్ కాగితం తీసుకుని రెండు వైపులా తడిపి బోర్డు మీద పరవండి. వాలుగా పట్టి చూస్తే మెరుపు పోయి, అరచేతి వెనుక భాగం ఆనిస్తే ఇంకా చల్లగా తగలాలి. రంగు పెట్టే అదను అదే. ఆకాశానికి సరిపోతుందనుకున్న దానికి రెట్టింపు రంగు ముందే కలిపి ఉంచుకోండి, మధ్యలో కలుపుకుంటూ కూర్చుంటే ఎండ ఆగదు. గ్లాసు నీళ్లలో రెండు చుక్కల గ్లిజరిన్ వేస్తే ఆరడం కాస్త నెమ్మదిస్తుంది. అంతకు మించి వేస్తే ఇంటికొచ్చినా బొమ్మ జిగటగానే ఉంటుంది. మరక పడితే వెంటనే రుద్దకండి. పూర్తిగా ఆరాక, పిండిన తడి బ్రష్‌తో అంచు మాత్రం మెత్తబరచండి.

మోదుగు పువ్వు మన్ను రంగైంది

అందరం ఏ చెట్టు కోసం పోతామో, ఎక్కువ చెడేదీ అదే. నిరుడు రేగొండ దారిలో చెలక గట్టున కూర్చున్నాం. వెంట వచ్చిన పిల్లవాడు, "అన్నా, ఎన్నిసార్లు ఏసినా మన్ను రంగే వస్తాంది" అన్నాడు. "ఆకాశం ఆరిందా తమ్మీ?" అని అడిగాను. ఆరలేదు. నారింజ, నీలం వర్ణచక్రంలో ఎదురెదురు రంగులు. తడిలో కలిశాయంటే ఒకదాని మెరుపు ఒకటి చంపేసి గోధుమ రంగుకు దిగుతాయి.

చెట్టు తల వచ్చే చోట ఆకాశాన్ని వదిలేయండి, లేదా నీళ్లలాంటి పలుచటి రంగు పూతతో (వాష్) సరిపెట్టండి. అది ఆరాక ముందు పసుపు, అదీ ఆరాక దాని మీద నారింజ. చిన్నప్పుడు కామునిపున్నమికి ఈ పూలనే ఉడకబెట్టి రంగు తీసేవాళ్లం. ఆ నీళ్లు ఎరుపు కన్నా పసుపు వైపే మొగ్గేవి. అందుకే నేను ఎరుపుతో మొదలుపెట్టను. బ్రష్ కడిగే గిన్నెలు కూడా రెండుండాలి, నీలాలకు ఒకటి, పసుపు ఎరుపులకు ఒకటి. ఇప్పటికే బురదై ఉంటే దాని మీద ఇంకా నారింజ రుద్దకండి. ఆరనిచ్చి, శుభ్రమైన తడి బ్రష్‌తో ఆ చోట రంగు లేపి, గౌచే (కింది రంగును కప్పేసే చిక్కటి నీటి రంగు) నారింజ చిక్కగా పెట్టండి.

బురద కాకపోయినా కొందరి మోదుగు వెలగదు, నారింజ ముద్దలా ఉండిపోతుంది. చెట్టు కింద రాలిన పువ్వు ఒకటి చేతిలోకి తీసుకోండి. రేకు చిలుక ముక్కులా వంగి ఉంటుంది. దాని మొదట్లో ముదురు గోధుమ నలుపు తొడిమ గిన్నె, వేలితో రాస్తే వెల్వెట్ గుడ్డలా తగులుతుంది. దూరం నుంచి చెట్టు మంటలా కనబడేది ఆ నల్లటి గిన్నెల పక్కన నారింజ ఉండడం వల్లే. బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ)లో అల్ట్రామెరైన్ (ముదురు నీలం) కలిపి, గుత్తుల అడుగున చిన్న చిన్న చుక్కలు పెట్టి చూడండి. మీరు నారింజను ముట్టుకోకుండానే అది లేచి నిలబడుతుంది.

అక్కడ బాగుంది, ఇంట్లో చూస్తే చీకటి

కాగితం మీద నేరుగా ఎండ పడితే వేసిన ప్రతి రంగూ లేతగా కనిపిస్తుంది. చాలలేదని ఇంకా ముదురు చేస్తాం. ఇంటి వెలుతురులో ఆ ముదురంతా బయటపడుతుంది. కాగితం, రంగులు కలిపే పళ్లెం (పాలెట్) రెండూ ఒకే నీడలో ఉండాలి. గొడుగు నల్లదో బూడిద రంగుదో అయితే మేలు. ఎర్ర గొడుగు వేస్తే కాగితం మీద ఎరుపు, పచ్చ గొడుగు వేస్తే పచ్చ. చలువ కళ్లద్దాలు దారిలో పెట్టుకోండి, రంగు కలిపేటప్పుడు తీసేయండి.

వెనుక గుట్ట ముందుకు తోసుకొస్తోంది

ఎంత దూరముంటే మధ్యలో అంత దుమ్ము, గాలి. ముదురు రంగు లేతబడుతుంది. మనం మాత్రం అది గుట్ట కదా, బరువుగా ఉండాలి అని దట్టంగా వేస్తాం. కండ్లు సగం మూసి చూడండి. దూరపు గుట్టలోని అతి ముదురు చోటు కూడా మీ ముందున్న బండ నీడ కన్నా లేతగానే ఉంటుంది. పొద్దున పూట దానిలో కొంచెం కోబాల్ట్ నీలం, మధ్యాహ్నం దుమ్ము లేచాక కాస్త ఓకర్ (మట్టి పసుపు). అంచు మెత్తగా వదిలితే దానంతట అదే వెనక్కి జరుగుతుంది.

ఆకుపచ్చ ప్లాస్టిక్‌లా ఉంది

ట్యూబ్‌లోని పచ్చ అలాగే వాడారన్నమాట. ఈ నెలలో గుట్టల కింద అసలు పచ్చ తక్కువ. టేకు మోడుగా ఉంటుంది, రావి చిగురు రాగి రంగు, మామిడి లేతాకు కూడా అంతే. అల్ట్రామెరైన్‌లో ఓకర్ కలిపి పచ్చ చేసుకోండి. ఇంకా అరుస్తుంటే చిటికెడు బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ).

నీడలు రెండు దిక్కులకు పోతున్నాయి

సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. మొదటి పది నిమిషాల్లో నీడల హద్దు పెన్సిల్‌తో గీసేసి, తర్వాత ఎదురుగా నీడ ఎంత మారినా ఆ పెన్సిల్ గీతనే నమ్మండి. రెండు గంటలు దాటితే కొత్త కాగితం తీయడమే మేలు.

గాలికి ఈజిల్ (బోర్డు నిలబెట్టే స్టాండు) పడుతుంటే మధ్య కాలికి సంచి వేలాడదీసి రాయి వేయండి. మాస్కింగ్ ఫ్లూయిడ్ (తెల్లగా మిగలాల్సిన చోట రంగు అంటకుండా పూసే జిగురు) ఎండలో ఎక్కువసేపు ఉంటే కాగితాన్ని పట్టుకుని చింపేస్తుంది, ఈ కాలంలో నేను దాన్ని ఇంట్లోనే వదిలేస్తా. రాతి చరియ కింద పెద్ద తేనెపట్టు కనిపిస్తే కూర్చునే చోటు మార్చుకోండి, బొమ్మ ఎంత బాగా కుదురుతున్నా సరే. పొగ పెట్టొద్దు, అత్తరు పూసుకొని పోవద్దు.

రంగు నీళ్లు ఎక్కడ పారబోయాలి

బండ మీద మాత్రం కాదు. పాండవుల గుట్టల ఇసుకరాతి చరియల కింద ఆదిమానవుల బొమ్మలున్నాయి, 1990లో వెలుగులోకి వచ్చాయి. వాటిలో జాజురంగు ఎరుపు ఉంది, మన పాలెట్‌లోనూ ఆ ఎర్రమట్టి రంగే ఉంది. తడి చేత్తో తాకొద్దు, ఫొటో బాగా రావాలని నీళ్లు చల్లొద్దు, పక్క బండ మీద బ్రష్ విదిలించొద్దు. బయల్దేరేటప్పుడే మూత గట్టిగా ఉన్న ఖాళీ సీసా ఒకటి సంచిలో వేసుకోండి, రంగు నీళ్లు దానిలో పోసుకుని ఇంటికి తెచ్చేయండి.